చుట్ల లెక్క

మైపాడు రోడ్డులో, ఇందుకూరుపేట దాటేముందు
ఎడమపక్క రేకుల కొట్టు.
బోర్డు మీద మోటారు బొమ్మ నేనే వేశాను,
సొరకాయలా వచ్చింది.
ఇప్పుడు ఆటోవాళ్ళకి అదే గుర్తు:
"సొరకాయ కొట్టుకాడ ఆపబ్బా."

నిరుటి ఆషాఢం దాకా
నెల్లూర్లో ఒక ఫైనాన్సు ఆఫీసు రెండో అంతస్తులో
నా పని గొంతు.
గొంతొక్కటే.
"సార్, మీవి మూడు కంతులు పెండింగులో ఉన్నాయి" అని
రోజుకి నూటపది మందికి
ఒకే మర్యాదతో.
తిట్టినవాళ్ళ పేరు పక్కన ఒక చుక్క,
ఏడ్చినవాళ్ళ పేరు పక్కనా అదే చుక్క.
ఆ గడిలో ఇంకో గుర్తుకి చోటు లేదు.

ఆదివారాలు స్టోన్‌హౌస్‌పేటలో
కాశింపీరా దగ్గర కూర్చునేవాణ్ణి.
కాలిన మోటారుని ఆయన ముందు వాసన చూస్తాడు.
"ఇది ఓల్టేజి చాలక చచ్చింది.
ఇది నీళ్ళు దిగి.
ఇదుండాదే, దీన్ని మనిషి చంపినాడు,
చుట్లు ఎగ్గొట్టి."
ఉలితో పాత రాగి తెగ్గొట్టి, కాటాలో వేసి
కొత్త తీగ నా చేతికిచ్చేవాడు.
ఒక్కో గాడికి యాభై ఎనిమిది.
యాభై ఏడైతే?
"తిరుగుద్ది. నిన్ను నమ్మించేదాకా తిరుగుద్ది."

రాజీనామా మూడు వాక్యాలు.
మేనేజరు రెండుసార్లు చదివి
"వ్యక్తిగత కారణాలంటే ఏంది?" అన్నాడు.
వేళ్ళు, అన్నాను.
ఆయనకి అర్థం కాలేదు. నాకూ పూర్తిగా కాలేదు.
సుగుణ ఆ రాత్రి ఏమీ అనలేదు.
పొద్దున క్యాలెండరు తిప్పి
ఒకటో తారీకు మీద వేలు పెట్టి
"ఇంక ఇది కూడా మామూలు రోజే" అంది.
బావమరిది ఇప్పటికీ పెళ్ళిళ్ళలో
"మా బావది ఎలక్ట్రికల్ లైను" అని
ఆ 'లైను' దగ్గర మాట మార్చేస్తాడు.

మొదటి నెల మూడు మిక్సీలు, ఒక టేబుల్ ఫ్యాను,
ఒక గ్రైండరు, అదీ అరువు.
రెండో నెల సంగతి చెప్పను.
ఆఫీసు ట్యాగు తాడు మాత్రం పనికొచ్చింది,
షట్టరు తాళంచెవి దానికే వేలాడుతుంది.

ఒక రాత్రి రెండుంబావుకి ఫోను.
గంగపట్నం కాడ రొయ్యలగుంట,
ఏరియేటర్లు ఆగినాయి, రొయ్య పైకి తేలతా ఉంది.
స్పేరు మోటారు బండికి కట్టుకుని పోయాను.
మోకాల్లోతు బురదలో నిలబడి
"ఆ తీగ అందుకోండి సార్" అన్నాను.
ఆ 'సార్' దగ్గర ఆయన ఆగిపోయాడు.
టార్చి నా మొహమ్మీదికి తిప్పాడు.
"ట్రాక్టరు ఫైనాన్సు కదా నువ్వు?"

తిరగని చక్రాల పక్కన నీళ్ళు
అంత మౌనంగా ఉంటాయని నాకు తెలీదు.
అవునన్నాను.
తూపిలి రవణయ్య. చుక్క గుర్తుంది,
ఎందుకు పెట్టానో గుర్తు లేదు.
"అప్పట్లో నువ్వు చేస్తే నేను ఎత్తేవాణ్ణి కాదు.
ఇయ్యాల నేను చేస్తే ఒక్క రింగుకే ఎత్తినావే."
నవ్వలేదు.
టార్చి మళ్ళీ మోటారు మీదికి తిప్పి
కదలకుండా పట్టుకున్నాడు.

చక్రాలు అందుకున్నాయి. తెల్లగా నురగ.
గట్టున కూర్చుని ఇద్దరం చూశాం,
ఎవరి చలి వాళ్ళు వణుకుతూ.
"డబ్బులు పట్టుబడి అయినాక ఇస్తా."
పాత వాక్యం నోటిదాకా వచ్చింది, మర్యాదతో సహా.
మింగేశాను.

పట్టుబడి అయిపోయిందని విన్నాను.
ఇంకా ఇవ్వలేదు.
ఆయన కాలిన మోటారు బల్ల మీదే ఉంది,
పాత రాగి తీసేశాక
పళ్ళూడిన నోరులా.
కొత్త తీగ చుడుతున్నాను.
ఫోను మోగుతోంది, అక్కడ, వార్నిషు డబ్బా పక్కన.
ఆయనే కావచ్చు. ఇంకెవరో కావచ్చు.
సుగుణ గుమ్మంలోంచి ఏదో అడుగుతోంది.

నలభై ఒకటి.
మోగనీ.
నలభై రెండు.