ఒకట్ల లెక్క

అక్టోబరు చివర. తార్తులో నాలుగున్నరకే దీపాలు.
మూడో అంతస్తులో విర్వె
ఒకట్లు లెక్కపెడుతోంది.

గొప్పవేం కావు ఆ ఒకట్లు.
ఈ వరస ఉందా, ఈ పుట అందరికీ కనిపిస్తుందా,
అవునంటే ఒకటి, కాదంటే సున్న.
అలాంటివి నూట ఎనభై కోట్లు.
ఎన్ని ఉన్నాయమ్మా అని ఎవరో అడుగుతారు.
డేటాబేస్ గొంతు సవరించుకుని
వేళ్ల కణుపుల మీద మొదలుపెడుతుంది.

పాత కోడు రాసినాయన ఓపికమంతుడు.
సంఖ్యలోంచి ఒకటి తగ్గించి
పాతదాని పక్కన కొత్తది పెట్టి
రెండిట్లోనూ ఉన్నవే ఉంచితే
కుడిచివరి ఒకటి రాలిపోతుంది.
రాలినప్పుడల్లా ఒక గీత,
చింతపండులో గింజలు తీసినట్టు.

తర్వాత వచ్చినామె పుంజీలు కట్టింది.
నాలుగు బిట్లు ఒక పుంజీ,
పుంజీకి పదహారే వేషాలు.
పదహారు జవాబులూ చీటీ మీద రాసుకుని
చూసి చెప్పడమే.
విర్వెకి ఆ చీటీ ఇష్టం. చెరపబుద్ధి కాలేదు.

కొత్త ప్రాసెసర్‌లో రిజిస్టర్లు
పందిట్లో పరిచిన జంపఖానాలు.
ఐదువందల పన్నెండు బిట్లు పక్కపక్కన కూర్చుంటాయి.
ఒక్క ఆదేశం.
ఎనిమిది మొత్తాలు
ఒక్క ఊపున లేచి నిలబడతాయి.
నూట పది మిల్లీసెకన్లు
పదమూడుకి దిగింది.
ఆమె రెండోసారి నడిపింది. నమ్మక మూడోసారి.

హైనో గుర్తొచ్చాడు.
పశ్చిమాన సముద్రంలోకి పొడుచుకెళ్లిన గట్టు మీద
టెలిస్కోపు ముందు కూర్చుని
వలస బాతులు లెక్కపెడతాడు, పూటకి నలభై వేలు.
ఒక్కొక్కటిగానా, అని ఓసారి అడిగింది.
"పిచ్చా? ముందు పదంటే ఎంతో కంటికి నేర్పాలి.
తర్వాత వందంటే ఎంత పొడుగో.
ఆ వందని గుంపు మీద పరుచుకుంటూ పోవడమే."

ఆ రాత్రే అతనికి పంపింది.
గట్టు మీది చెక్కగదిలో ఉప్పుగాలికి పాచిపోయిన ల్యాప్‌టాప్,
తెర మీద ఒకే వాక్యం:
చట్టవిరుద్ధమైన ఆదేశం.
"నన్ను అరెస్టు చేస్తారా?" అని హైనో ఫోను.

సిగ్గేసింది ఆమెకి.
పని చెప్పే ముందు అడగాలి కదా,
నీకిది వచ్చునా, అని.
మొదట్లోనే, ఒక్కసారి.
రాదంటే మాట పెంచకుండా
ఆ పాత చీటీ చేతికివ్వాలి.
జవాబు గుర్తుంచుకోవాలి,
మళ్లీ మళ్లీ అడిగి విసిగించకూడదు.

సమీక్షలో కల్యు ఇంకో పుల్ల పెట్టాడు.
"ఎనిమిది బైట్లకి కూడా ఇంత హంగామానా?
రెండు బంగాళాదుంపలకి లారీ కట్టుకెళ్తావా?"
కొలిచింది. నిజమే.
చిన్నవాటికి పాత దారే దగ్గర.
ఆ ఓటమిని ఒక షరతుగా రాసింది,
పైన కామెంటులో కల్యు పేరుతో సహా.

ఇక తోక.
అరవై నాలుగేసి బైట్లు తీస్తూ పోతే
చివర ఐదో పదకొండో మిగులుతాయి.
లేనివాటి మీద ముసుగు కప్పి
ఉన్నవాటినే చూడమనాలి.
ఇక్కడే మూడు రోజులు పట్టింది.

నవంబరులో బస్సెక్కి గట్టుకి వెళ్లింది.
గాలి కంట్లో ఇసుక కొడుతోంది.
ఒక గుంపు పోయింది. "ఆరువందలు," అన్నాడు హైనో.
తర్వాత చాలాసేపు ఒట్టి నీళ్లు.
అప్పుడొకటి,
రెక్క నీటికి తగిలేంత కిందగా,
ఆలస్యమైనవాళ్ల తొందరతో.

ధాన్యం కొలిచేవాడు
మొదటి కుంచాన్ని ఒకటి అనని భాషలో
నేనిది రాస్తున్నాను.
లాభం, అంటాడు. తర్వాతే రెండు.

హైనో ఏమన్నాడో గాలికి వినపడలేదు.
మీట నొక్కిన చప్పుడు మాత్రం.
విర్వె ఫ్లాస్కు మూత తిప్పుతోంది.