ఆరున్నర

సాయంత్రం ఆరున్నరకి మళ్లీ చచ్చింది.
తెర మీద సగం చేసిన లెక్క,
దాని మీద చీకటి.
ఫ్యాను ఒక్క నిట్టూర్పు విడిచి ఊరుకుంది.

ఉలాన్‌బాతర్ ఉత్తరపు కొండవాలులో మా ఇల్లు.
బయట మైనస్ ముప్పై నాలుగు.
"వైరస్సేమో అమ్మా" అన్నాడు తెమూలెన్.
పదకొండేళ్లవాడికి
లోకంలో ప్రతి జబ్బూ వైరస్సే.

ఇరవై రెండేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో
తీగల నాడి పట్టిన చేతులివి.
ఒకసారికి ఒక్కటే మార్చు,
మార్చింది రాసిపెట్టు.
మా ఫోర్‌మన్ దోర్జ్‌సురెన్ చెప్పిన చదువంతా ఇంతే,
అదీ తిడుతూ చెప్పాడు.

ముందు పెట్టె ఇనపచట్రాన్ని తాకాను.
ఈ పొడి చలిలో ఉన్ని చొక్కా విప్పితే చాలు
ఒళ్లంతా చిటపటలు;
నా వేలికొసన దాక్కున్న బుల్లి పిడుగు
ఏ చిప్పు మీద పడినా అది బూడిదే.

మూత తీస్తే లోపల మా పేటే ఉంది.
రెక్కరెక్కకీ బొగ్గు మసి.
మేం పీల్చగా మిగిలిన చలికాలాన్ని
ఇది గుక్కలు గుక్కలుగా తాగింది పాపం.
పాత రంగుల బ్రష్షుతో దులిపాను, తుమ్మాను, దులిపాను.

మూడు కూతలు కూసింది.
ర్యామ్ ఊడదీసి
వాడి రబ్బరుతో దాని బంగారు పళ్లు తోమి
టక్కుమనేదాకా నొక్కాను.
లేచింది!
లేచి, ఇది రెండువేల తొమ్మిది జనవరి ఒకటి అంది.
బొత్తామంత బ్యాటరీ మార్చి
దాన్ని వర్తమానంలోకి లాక్కొచ్చాను.

మర్నాడు ఆరున్నర. చీకటి.

బజారు నుంచి అరువు తెచ్చిన పవర్ సప్లయి పెట్టాను.
ఆరున్నర. చీకటి.
మధ్యాహ్నం మాత్రం గుర్రంలా పరిగెడుతుంది,
అర్ధరాత్రీ అంతే.
వేళ తెలిసిన రోగం
పెట్టెలో ఉండదు.

గోడ ప్లగ్గులో మీటరు గుచ్చి
టీ చల్లారుతున్నా కదలకుండా కూర్చున్నాను.
రెండొందల ఇరవై. రెండొందల పది.
ఉన్నట్టుండి ముల్లు
మెట్లు తప్పిన మనిషిలా నూట యాభైకి జారింది.
కంచె అవతల దులామ్‌జావ్ కిటికీ
సరిగ్గా అప్పుడే ఎర్రబడింది.

మీటరు జేబులోనే పెట్టుకుని వెళ్లాను.
రెండు హీటర్లు, వాటి నడుమ ఊయల.
మొగుడు గనిలో, బొగ్గు బస్తా అడుగంటింది.
ఉప్పేసిన పాల టీ ఇచ్చింది.
పిల్లని ఒళ్లో పెట్టింది, పంతొమ్మిది రోజులది.
ముక్కు కొస ఒక్కటే చల్లగా ఉంది.
మీటరు సంగతి నేనెత్తలేదు.

ఇంటికొచ్చి నోటుపుస్తకం తెరిచాను.
లోపం: వోల్టేజీ.
కారణం అన్నచోట పెన్ను ఆగింది,
ఆ గడి అలాగే ఉంది ఇప్పటికీ.
లెక్కలు ఇకమీదట ఆరులోపే చేసుకో అన్నాను వాడితో.

"వైరస్ దొరికిందా?"
దొరికింది.
మూడు కిలోలుంది,
ఇంకా పళ్లు రాలేదు.