రెండో ఫ్యాను

ఏసీ ఆపితే కారు బాగుంటుంది.
వేస్తే వదిన బాగుంటుంది.
వారానికి మూడుసార్లు, కీల్పాక్‌లో డయాలిసిస్ దాకా,
ఇద్దర్లో ఎవరిని ఉడికించాలన్నది
నా పెత్తనం.

తొంభై ఏడు నాటి ఎస్టీమ్.
కత్తిరి ఎండల్లో మౌంట్ రోడ్డు.
కదిలినంతసేపూ ముల్లు బుద్ధిగా సగంలో ఉంటుంది.
సిగ్నల్ పడగానే
ఎవరో పిలిచినట్టు లేచి నిలబడుతుంది.
నేను దాన్ని చూస్తాను.
వదిన నన్ను చూస్తుంది.
"ఆపెయ్, పర్లేదు" అంటుంది, కొంగుతో మెడ తుడుచుకుంటూ.
ఆపి, హీటర్ తిప్పుతాను.
ఇంజన్ వేడి కొంత మన మీదికి తోడుకుంటే
దానికి ఊపిరాడుతుందట.
మే నెల మద్రాసులో హీటర్ వేసుకుని తిరిగే కారు మాదొక్కటే.
పక్క ఆటో అతను మమ్మల్ని చూసి
ఏదో మొక్కు తీర్చుకుంటున్నాం అనుకుని ఉంటాడు.

డిక్కీలో ఎప్పుడూ రెండు క్యాన్ల నీళ్ళు.
కారు ఎన్నయినా తాగొచ్చు.
వదినకి రోజుకి ముప్పావు లీటరు,
చారూ మజ్జిగా మాత్ర మింగే గుక్కా అన్నీ కలిపి.
పక్కకి ఆపి, చల్లారాక, నేను గడగడా పోస్తుంటే
ఆ చప్పుడు వినపడకుండా
ఆమె అద్దం ఎక్కించుకుంటుంది.

మేస్త్రీలు ముగ్గురు చూశారు.
ఒకడు థర్మోస్టాట్ పీకేసి "ఈ ఊరి ఎండకి ఇదెందుకు సార్" అన్నాడు.
ఒకడు రేడియేటర్ మూత మార్చాడు.
ఒకడు నన్ను బయటికి పిలిచి, గొంతు తగ్గించి,
"హెడ్ గాస్కెట్" అన్నాడు,
బండి వినకూడదన్నట్టు.

చివరికి పుదుపేట, ధనకోటి.
వరదల ఏడాది ఈ కారుని ఆరబెట్టింది ఇతనే.
బాకీపడి, ఆ సందులోకి రావడం మానేశాను.
బానెట్ ఎత్తకుండానే అడిగాడు:
"పరుగులోనా, నిలబడితేనా?"
నిలబడితే.
"ఏసీ లేకపోయినా?"
ఉంటేనే.
నూనె పుల్ల లాగి వేలితో రాసి చూశాడు.
పాలు కలిసిన రంగు లేదు.
"గాస్కెట్ కాదు పో."
కండెన్సర్‌కీ రేడియేటర్‌కీ మధ్య సందులోంచి
అన్వర్ పైపు పట్టి కడిగితే
వేపపూలు, తూనీగ రెక్కలు, ధనియాల పొడిలాంటి మన్ను.
"ఇది సగం" అన్నాడు.

ఏసీ వేయమన్నాడు. రెండో ఫ్యాను గిర్రున లేచింది.
"తిరుగుతోందిగా" అన్నాను.
ఆ ముగ్గురూ ఇక్కడిదాకా వచ్చే ఆగిపోయారు.
ధనకోటి చెవి సందున దాచిన బస్సు టికెట్టు తీసి
గ్రిల్ ముందు పట్టుకుని వదిలాడు.
అతుక్కోవాలి.
ఎగిరొచ్చి నా చొక్కాకి తగిలింది.

ఒక ఫ్యాను పీలుస్తుంటే ఒకటి ఊదుతూ
ఇన్నాళ్ళూ సిగ్నల్ దగ్గర
మా కారు తనతో తనే కొట్లాడుకుంది.
పరుగెత్తేటప్పుడు రోడ్డు గాలే
రెండింటి నోరూ మూయించేది.

తీగ వెంటే వేలు పోనిచ్చి ఒకచోట ఆగాడు.
ఎర్ర టేపు, కొసన చిన్న మడత.
"ఎవరన్నా ఈ పని చేసింది?" అన్నాడు అన్వర్, నవ్వుతూ.
అతను నవ్వలేదు.
"ఆ మడత నాదే.
కరెంటు లేదప్పుడు. టార్చి వెలుగులో
ఎరుపూ నలుపూ ఒకటే."
ఈ వేసవి దాకా ఆ బటన్
మా ఇంట్లో ఎవరు నొక్కారు గనక తెలియడానికి.

తీగలు తిరగేసి కలపడానికి నాలుగు నిమిషాలు.
టికెట్టు మళ్ళీ వదిలాడు. బల్లిలా అతుక్కుంది.
పాత బాకీ ఎత్తబోతే
నూనె చెయ్యి అడ్డం పెట్టాడు.
నాదీ నీదీ సరి, అని అనలేదు గానీ
అదే.

గురువారం, జెమినీ కింద, నూట ఇరవై సెకన్లు.
ముల్లు లేవలేదు.
అలవాటు పోక ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం.
పచ్చ పడ్డాక వదిన అంది:
"డిక్కీలో ఆ నీళ్ళు ఇంక దించెయ్యరాదూ,
గుంత వచ్చినప్పుడల్లా
వెనకనుంచి ఒకటే పిలుపు."