పెన్సిల్ గీతలు చెరిపే పని

పుస్తకం తిరిగొచ్చినప్పుడల్లా
రబ్బరు పట్టుకుని కూర్చోవడం నా ఉద్యోగంలో ఒక భాగం.
అబ్రుజ్జో కొండల్లో మా ఊరి లైబ్రరీకి
ఒకటే గది, ఒకటే హీటరు, ఒకత్తినే నేను.
కొండ కడుపులో, సొరంగంలో ల్యాబు.
కొండ నెత్తిన రాతి చర్చి.
నడుమ మేం, కుంకుమపువ్వు కేసరాలు ఏరుకుంటూ.

ఈ థ్రిల్లరు పదకొండు నెలల్లో
ఇరవై ఆరు చేతులు మారింది.
కథ చెప్పేసినా మీకేం నష్టం లేదు:
ఓ సన్యాసి, ఓ శాస్త్రవేత్త, సీసాలో బిగించిన ప్రళయం.
దేవుడు నెగ్గాలా లెక్క నెగ్గాలా
తేలేలోగా పద్నాలుగు శవాలు.

ముప్ఫై ఒకటో పేజీలో మొదటి రాత.
గంట కొట్టే బెరార్దోది, పోల్చుకోగలను,
అక్షరాలు కూడా అతనిలాగే ఎడమకి ఒరుగుతాయి.
"హంతకుడు ఒంటిచేత్తో గంటతాడు లాగాడట!
ఈ రాసినాయన ఎప్పుడైనా గంట కొట్టాడా?
తాడు పైకి పోతూ పోతూ మనిషినీ లాక్కుపోతుంది."
దాని కింద చీమల బారు లాంటి రాత,
ల్యాబులో రాత్రి డ్యూటీ చేసే లివియాది:
"న్యూట్రినోలతో మనిషిని చంపడం కుదరదు.
ఈ ముక్క చదివేలోగా
మీలోంచి కోట్లకొద్దీ దూరి వెళ్ళిపోయాయి.
చక్కిలిగింత పెట్టడం కూడా చేతకాదు వాటికి."

వారం తిరక్కుండా బెరార్దో మళ్ళీ అదే పుస్తకం అడిగాడు.
హంతకుడెవరో తెలిశాక మళ్ళీ ఎందుకయ్యా అంటే
"మర్చిపోయా" అన్నాడు, బూట్లకేసి చూస్తూ.
అతను మర్చిపోనిది నాకు నూట రెండో పేజీలో దొరికింది:
"కనపడవు, తగలవు, అన్నిట్లోంచీ పోతాయి.
మా ఫాదరు ముప్ఫై ఏళ్ళుగా చెబుతున్నదీ ఇదే కదమ్మా."
"కాదు." రెండుసార్లు అడ్డగీత.
"మేం లెక్కపెడతాం. తప్పయితే ఒప్పుకుంటాం."
"మేమూ ఒప్పుకుంటాం.
శనివారం సాయంత్రం, చెక్క జాలీ వెనక."

మందులషాపు నున్‌త్సియాతా ఊదారంగు సిరాతో
ఇద్దర్నీ కసిరింది: కాస్త ఊరుకుంటే
మేమూ కథ చదువుకుంటాం.
నూట ఎనభై ఎనిమిదిలో మేరీమాతని తిట్టిన వాక్యం మీద
ఎవరో పునీతుడి బొమ్మ అంటించారు, మైదాపిండి జిగురుతో.
కార్డినల్‌కి మీసాలు మొలిచాయి,
అది బడిపిల్లల పని.

మూడు వందల ఒకటో పేజీకి వచ్చాను.
అక్కడ రచయిత రెండే వాక్యాల్లో
చర్చి కప్పు కూల్చేశాడు.
దుమ్ము లేచిందట. ఆపైన నిశ్శబ్దమట.

అంచు తెల్లగా ఉంది.
నలుపక్కలా వెతికాను, దీపం దగ్గరికి లాక్కుని.
బెరార్దో లేడు. లివియా లేదు.
అది నిశ్శబ్దం కాదని ఈ ఊళ్ళో ఎవరికి తెలీదు?
ఆ రాత్రి కార్లు వాటంతటవే అరిచాయి,
కట్టేసిన కుక్కలు గొలుసులు కొరికాయి,
రాళ్ళ కింద ఎవరిదో సెల్‌ఫోను
తెల్లారేదాకా మోగింది, ఛార్జింగు ఉన్నంతసేపూ.
ఏడు నెలలు నీలం గుడారాలు.
ఒక్క కుళాయి. వరసలో ముందు లివియా, వెనక ఫాదరు,
వాళ్ళ బక్కెట్లు తగులుకుంటుండేవి.
ఏం మాట్లాడుకున్నారో వినలేదు నేను.
నా బక్కెట్టు చాలా వెనక ఉండేది.

ఆ పేజీ అడుగుమూల
పాత నోటులా మెత్తబడింది.
ఇరవై ఆరు బొటనవేళ్ళు
తిప్పడానికి ముందు అక్కడ కాసేపు ఆగినట్టున్నాయి.
నాదీ ఆగింది.

రూలు ప్రకారం అన్నీ చెరపాలి.
మీసాలు చెరిపాను.
ఇంతలో తలుపు తోసుకుని ఫాదర్ ఫెదేలె,
భుజాల మీద మంచు దులుపుకుంటూ.
"ఊరంతా చదివేసిందట, నేనొక్కణ్ణే మిగిలానట.
నన్ను ఎన్నో పేజీలో చంపారు?"
తారీకు ముద్ర కొట్టి చేతికిచ్చాను.
గుమ్మందాకా వెళ్ళి, జేబులు తడుముకుని,
వెనక్కి తిరిగాడు: "పెన్సిలుంటుందా, ఎర్సీలియా?"

డ్రాయరంతా గాలించి
వెనక రబ్బరు లేనిది చూసి ఇచ్చాను.