పద్నాలుగు విభక్తులు

తార్తులో డిసెంబరు. మూడున్నరకే చీకటి.
నేల తేమ మీద ల్యాబ్ రిపోర్టు సగంలో ఆపి
బేకరీ వెనక తలుపు దగ్గరికి వెళ్తాను.
మిగిలిన రొట్టెలు మూడు సంచులు,
ఒక్కోసారి నాలుగు.
మంచులో సైకిల్ ఎక్కను, నడిపించుకుంటాను.
రొట్టెలకి దెబ్బ తగులుతుందని కాదు,
పోయిన గురువారం నాకే తగిలింది.

వంటగదిలో లెయిదా
బంగాళాదుంపల బకెట్ నా ముందుకు తోసి
ఏమీ అనదు.
ఇక్కడ అదే పలకరింపు.

వరసలో ఎప్పుడూ ఆఖరున నిలబడే హెయినో
ఒకప్పుడు బడిలో వ్యాకరణం చెప్పేవాడట.
"రొట్టె కావాలా?" అంటే
"ఆ రూపం కాదు" అని గిన్నె వెనక్కి లాక్కుంటాడు.
నేను సరిగ్గా అనేదాకా
సూప్ చల్లారుతూ ఉంటుంది.

డుమువులు, నినులనులతో
ఎలాగో ఏడింటికి గట్టెక్కిన నాలుక నాది.
ఇక్కడ పద్నాలుగు.
చివర 'గ' చేరిస్తే మన తోడ: లెయివగ, రొట్టెతో.
'త' చేరిస్తే లెయివత,
రొట్టె లేకుండా.
లేమికీ ఒక విభక్తి ఉంచుకున్నారు వీళ్ళు,
ఉప్పుడబ్బాలా, చేతికందేచోట.

ఈ గురువారం హెయినో రాలేదు.
"హెయినోత," అన్నాను గరిటె కడుగుతూ.
తప్పో ఒప్పో,
దిద్దేవాళ్ళు లేరు.

లెయిదా చేతులు తుడుచుకుని
సగం రొట్టె కాగితంలో చుట్టింది,
దాని మీదే పెన్సిల్‌తో ఇంటి నంబరు.
"దగ్గు," అంది. అంతే.

వంతెన దాటేదాకా
ఒకే వాక్యం అటూ ఇటూ తిప్పుకుంటూ నడిచాను.
ఆయన తలుపు తీశాక
ముందు విభక్తి,
తర్వాతే రొట్టె.