పదింట ఒకటి

నేను గోడలు కట్టను,
గీస్తాను.
తేనాంపేటలో రెండో అంతస్తు ఆఫీసు,
కారే ఏసీ కింద బకెట్టు,
తెర మీద నల్లటి నేల, తెల్లటి గీతలు.

ఆ రోజు వచ్చిన ఫైలు మీద
ఎర్ర సిరాతో మూడు మాటలు:
పదింట ఒకటి తప్పనిసరి.
నూట అరవై ఇళ్ళు లేచేచోట
పదహారు,
నాలుగు రాళ్ళు వెనకేసుకోలేనివాళ్ళకి.

మా యజమాని చదివి కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.
"చట్టం కదా, చేద్దాం" అన్నాడు.
"వెనకాల. జనరేటరు పక్కన."

పదహారిళ్ళనీ
టిఫిను క్యారియరు గిన్నెల్లా ఒకదానిమీదొకటి పేర్చాను.
వాటికి వేరే మెట్లు,
మురిక్కాలువ వైపు వేరే గేటు.
నీళ్ళ ట్యాంకు కూడా వేరే పెట్టమన్నాడు.
"వచ్చేది ఒకే లారీ నీళ్ళు కదా సార్" అన్నాను.
నవ్వలేదు.

మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు
అర్హత కాగితం తెరిచి
నా జీతం పక్కన పెట్టి చూసుకున్నాను.
రెండు వేలు ఎక్కువ.
వేళచేరిలో ముగ్గురం పడుకునే గది గుర్తొచ్చి
జీవితంలో మొదటిసారి
ఆ రెండు వేల మీద కోపం వచ్చింది.

మా ఆఫీసు వీధి ఊడ్చేది పెంచలమ్మ.
తాత నెల్లూరు నుంచి చీపురు పట్టుకొచ్చాడు.
మూడు తరాల తర్వాత కూడా
తెలుగు ఆమె నోట్లో ఉంది,
చదవడానికి మాత్రం అందలేదు.
కూవం గట్టున గుడిసె ఉండేది.
ఒక వానాకాలం
గిన్నెలూ పిల్లలూ కోళ్ళూ ఒకే లారీలో ఎక్కి
సెమ్మంచేరి అవతలికి పోయాయి.
అక్కడ పక్కా ఇల్లే ఇచ్చారు, ఫ్యానుతో సహా.
ఊడ్చే వీధిని మాత్రం ఇక్కడే ఉంచారు.

మూడున్నరకి లేస్తుంది. మొదటి బస్సు, నిలబడే.
"పగలు నా మొగం ఎట్టుంటాదో
నా యింటికే తెల్దు, తంబీ."

ఆ రాత్రి అందరూ వెళ్ళాక
వెనక ఇళ్ళకీ ముందు తోటకీ నడిమి గోడ మీద
మూడడుగుల గీత చెరిపాను.
పక్కన రాశాను: అగ్నిప్రమాద మార్గం.
ఆ మాటకి ఎవరూ అడ్డు చెప్పరు.
సంతకం పడింది. ముద్ర పడింది.
నా ఉద్యోగంలో నేను చేసిన ఒకే ఒక్క దొంగతనం
ఆ మూడడుగుల ఖాళీ.

రెండేళ్ళకి ఇళ్ళు లేచాయి.
లాటరీ డబ్బాలో పదకొండు వందల చీటీలు.
పెంచలమ్మ పేరు రాలేదు.
చీపురు చంకలో పెట్టుకుని అడిగింది,
"మన ఈదిలో ఎవురికన్నా వొచ్చిందా?"
"మూల మీద టీ మాస్టరు ఇళంగోకి."
కాసేపు ఆలోచించింది.
"పోన్లే. ఇంక పొద్దున నేను దిగేసరికి
టీ కాగి ఉంటాది."

నా తలుపుకి తాళం వేశారు, విన్నాను.
తాళంచెవి పక్కనే గాజుపెట్టెలో,
మంటలొస్తేనే పగలగొట్టాలట.
సాయంత్రాలు ఇటు పిల్లలూ అటు పిల్లలూ
తలుపు కింది సందులోంచి
గోళీలు దొర్లించుకుంటున్నారని ఇళంగో చెప్పాడు.
ఆ సందు నేను గీయలేదు.
వడ్రంగి కొలత తప్పాడు.

ఇవాళ ఇంకో ఫైలు వచ్చింది.
మూడు వందలు. అందులో ముప్పై.
ఈసారి ముప్పైతో మొదలుపెట్టాను,
ఒక్కో అంతస్తుకీ రెండు,
సముద్రపు గాలి తగిలే వైపు,
అందరి లిఫ్టుకీ ఎదురుగా.

వెనక యజమాని దగ్గు వినబడుతోంది,
కుర్చీ దాకా వచ్చింది.
గీత ఇంకా సగంలో ఉంది.