రెండు డిగ్రీలు

ఓస్త్రవాలో ట్రాము మలుపు తిరిగే చోట
బొహుమిల్ కొట్టు. బోర్డు లేదు.
గడప దాటకముందే ఇనుప రజను వాసన
ఎదురొచ్చి పలకరిస్తుంది.

కొక్కేలకి రెండు ఫ్రేములు.
దూరాన్నించి కవలలే:
అవే ఉక్కు గొట్టాలు, అవే ఇరవయ్యారు అంగుళాల చక్రాలకి కొలతలు,
వెనకాల స్ప్రింగు వద్దనే అదే మొండితనం.
"తేడా చెప్పు," అన్నాడు, పనిలో చేరిన తొలిరోజు.
రంగు, అన్నాను.
నవ్వలేదు. కోణమానిని నా చేతిలో పెట్టి
టీ పెట్టుకోవడానికి వెళ్ళిపోయాడు.

ఎడమది మట్టి జంపులకి.
హెడ్ ట్యూబు అరవైతొమ్మిది దగ్గర వాలి
ముందు చక్రాన్ని కాస్త దూరంగా చాపింది,
వేగం పెరిగినకొద్దీ నిమ్మళించే మనిషిలాగ.
వెనక చైన్‌స్టే మూడువందల తొంభై మిల్లీమీటర్లు.
గాల్లోకి లేచాక చేసేదేముంది,
దిగే వాలు అక్కడే ఉంటుందని నమ్మడం తప్ప.
ఆ నమ్మకానికి కొంచెం పొడవు కావాలి.

కుడిది వీధికి. డెబ్బైయొకటి.
పిలుపు పూర్తికాకముందే తల తిప్పే రకం.
వెనక చక్రం సీటు గొట్టాన్ని రాసుకుంటుందేమో అన్నంత దగ్గర,
హ్యాండిలు రొమ్ముకి దగ్గర,
పెడళ్ళ ఇరుసు ఒక వేలెత్తు పైన.
బ్యాంకు ముందు గ్రానైటు గట్టు మీద
గిరుక్కున తిరగాలంటే
ఒళ్ళంతా ముడుచుకు రావాలి మరి, పిల్లి దూకబోయేటప్పటిలా.

రెండు డిగ్రీలు.
గడియారంలో పెద్దముల్లు అంత జరిగితే
ఎవరూ తలెత్తి చూడరు.

నవంబరులో యిత్కా వచ్చింది
బండి నడిపించుకుంటూ, ఎక్కకుండా.
గనివాళ్ళు పోసిన రాళ్ళగుట్ట వెనక
ఆరేళ్ళు పారతో తనే కట్టిన జంపులు
పచ్చయంత్రం ఒక్క పూటలో చదును చేసిందట.
గోడౌను వస్తుందట.
ఏడవలేదు. "దీన్ని వీధి బండి చెయ్యి," అంది.

బొహుమిల్ సీటు గొట్టంలోంచి కడ్డీ పీకాడు.
గుప్పెడు నల్లమట్టి బల్ల మీద రాలింది.
ముగ్గురం చూశాం. ఎవరూ ఊడ్చలేదు.

ఇరుసు నట్లు వదులు చేసి
చక్రాన్ని గాడిలో ముందుకు తోశాడు.
చైనులో ఒక జత లింకులు తీసేశాడు.
పన్నెండు మిల్లీమీటర్లు పైచిలుకు,
నా చిటికెన వేలి వెడల్పు.
"వెనకది అయింది."

"ముందు?"
"ముందుది అతికేశాను కదమ్మా, ఏడేళ్ళ క్రితం."
"ఫోర్కు కుదిస్తే?"
అతను కళ్ళద్దాలు నుదుటి మీదికి తోసి
ఆమెని చూశాడు, తెలిసినవాళ్ళని చూసినట్టు.
"ఇరవై కుదిస్తాను. ఒక డిగ్రీ నిలబడుతుంది.
ఇరుసు కిందికి దిగుతుంది, తిట్టుకోకు."

"ఇంకో డిగ్రీ?"

గ్రీజు గుడ్డకి చేతులు తుడుచుకున్నాడు,
ఒక్కో వేలూ, విడివిడిగా.
"అది గుట్టది. నీ దగ్గరే ఉంచుకో."

శనివారం గ్రంథాలయం మెట్ల దగ్గర నిలబడ్డాను.
నిటారు బండ్ల కుర్రాళ్ళు
నాణేలు గిరగిర తిప్పినట్టు తిరుగుతున్నారు.
యిత్కా వంతు వచ్చింది.
తిరిగింది. అర తాళం ఆలస్యంగా,
కొంచెం వెడల్పుగా,
చివర్లో ముందు చక్రం
లేని ఏటవాలు కోసం ఒకసారి తడుముకుంది.

"అదెట్లా చేశావు?" ఎవడో అడిగాడు,
నచ్చినట్టే ఉంది.
ఆమె భుజాలెగరేసి
మళ్ళీ మెట్లపైకి తోసుకెళ్ళింది.

సోమవారం బల్ల తుడవబోతే
నల్లమట్టి లేదు.
కిటికీలో, స్క్రూలు వేసుకునే డబ్బాల వరసలో
ఒక కొత్త గాజుసీసా.
దాని మీద బొహుమిల్ ఏమీ రాయలేదు.